కొండ, దాని మీద మెట్లు, దాని మీద పూలతోట

మదనపల్లెలో మా ఇంటికి ఈమధ్య బొమ్మలు వేసే పిల్లలు వస్తున్నారు. కాలేజీ చదువుకుంటూ వేసేవాళ్లు కొందరు, ఉద్యోగం మానేసి ఇదే బతుకనుకున్నవాళ్లు కొందరు. వస్తూనే ఫోన్ తీసి తాము వేసినవి చూపిస్తారు. "అంకుల్, లేయర్లు ఎట్ల వేయాల?" అంటారు. నేను వెంటనే చెప్పను. ముందు కాఫీ తాగమంటాను. ఊదుకుంటూ గబగబా తాగేసి గ్లాసు కింద పెట్టేవాడికి నేనేం చెప్పినా ఎక్కదని అక్కడే తెలిసిపోతుంది. పొర మీద పొర వేసే బొమ్మలో సగం పని చేతులు కట్టుకుని కూర్చోవడమే మరి.

నేను ఫోటో స్టూడియోలకు పరదాలు వేసినవాణ్ణి. ఇప్పటివాళ్లకు పరదా అంటే కిటికీకి వేలాడే గుడ్డ. అప్పట్లో ప్రతి స్టూడియోలోనూ వెనక గోడ నిండా ఒక పెద్ద బొమ్మ ఉండేది. కొండ, చెరువు, తోట, మేడ, ఏదో ఒకటి. దాని ముందు నిలబడితే, అప్పుడే వేరుశనగ చేలోంచి వచ్చిన మనిషి కూడా కాసేపు ఊటీలో ఉన్నట్టు ఉండేవాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మధ్యలో పలమనేరు. నా జీవితమంతా ఈ బస్సు రూట్లలోనే గడిచింది. ఫ్లెక్సీలు వచ్చాయి, తర్వాత కంప్యూటర్లో వెనక ఏది కావాలంటే అది పెట్టేసే రోజులొచ్చాయి. నేనూ పని మానుకున్నాను. ఇందులో ఏడవాల్సింది పెద్దగా లేదు. కానీ ఈ పిల్లలు అడిగేదానికి జవాబు నా దగ్గర ఉంది కాబట్టి, నోటితో ఒక్కొక్కరికీ చెప్పలేక ఇది రాస్తున్నాను.

తడి రంగు మాట నమ్మొద్దు

మా గురువు గంగప్పది కుప్పం. ఆ చుట్టుపక్కల ఊళ్లలో భారతం ఆడించేటప్పుడు నాటకానికి కట్టే తెరల మీద కోటలూ అడవులూ వేసి చెయ్యి తిరిగినవాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం మైకు అక్కరలేనంత. తెలుగులో మొదలుపెట్టి తమిళంలో తిట్టి, చివరికి కన్నడంలో సమాధానపరిచేవాడు.

ఆయన దగ్గర నేర్చుకున్న పద్ధతి ఇది. గట్టి కోరా గుడ్డను కొయ్య చట్రానికి బిగించాలి. చింతగింజల పిండి ఉడికించి ఆ జిగురు గుడ్డకు పట్టించాలి. అది ఎండాక సుద్ద పూత. ఆ పైన పొడి రంగులు, వజ్రంలో కలిపి. వజ్రం అంటే వడ్రంగులు కొయ్యలు అతికించే జిగురు. దాన్ని కాస్తే వచ్చే వాసనకు మా ఆవిడ చాలాకాలం నాకు పెరట్లోనే అన్నం పెట్టింది. తప్పు ఆమెది కాదు.

బొమ్మలో దూరంగా ఉన్నది ముందు వేయాలి, దగ్గరగా ఉన్నది తర్వాత వేయాలి. మొదట ఆకాశం, తర్వాత దూరపు కొండ, దాని ముందు ఇంకో కొండ, చెట్లు, నీళ్లు, చివరికి కాళ్ల దగ్గర నేల. దూరపు కొండకు నీలంలో సుద్ద ఎక్కువ పడుతుంది, ముందుకు వచ్చేకొద్దీ తగ్గుతుంది. నమ్మకం లేకపోతే పొద్దున్నే మిద్దె ఎక్కి హార్సిలీ కొండల వైపు చూడండి. నాకు గంగప్ప కూడా అంతకంటే ఎక్కువ పాఠం చెప్పలేదు.

జిగురు రంగు తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనబడుతుంది, ఎండితే తేలిపోతుంది. కొత్తవాడు తడి చూసి మురిసిపోతాడు, మర్నాడు చూసి నీరసపడతాడు. గంగప్ప ఎప్పుడూ ఒక పెంకు ముక్క దగ్గర పెట్టుకునేవాడు. కలిపిన ప్రతి రంగునూ దాని మీద రాసి, ఎండలో పెట్టి, బీడీ తాగి, అప్పుడు చూసేవాడు.

"తడిగా ఉండే రంగు అబద్ధాలు సెప్తాదిరా శంకరా. ఎండినాక అడుగు దాన్ని, నిజం సెప్తాది" అనేవాడు.

మీరిప్పుడు వాడే రంగులు వేరు. తొందరగా ఎండుతాయి, అదీ చాలక జుట్టు ఆరబెట్టుకునే మిషన్ పెట్టి మరీ ఎండబెడుతున్నారు. పైన ఎండుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. ఆ పచ్చి మీద ఇంకో పొర వేస్తే ఆ బొమ్మ మీ ఎదుట బాగానే ఉంటుంది, కొన్నవాడి ఇంట్లో పగులుతుంది. మొహమాటం లేకుండా చెబుతున్నాను, అది మోసమే.

ఇంకొకటి. జిగురు రంగుల్లో పై పొర కింది పొర కంటే గట్టిగా ఉండకూడదు. గట్టిది ఎండుతూ బిగుసుకుంటుంది. బిగుసుకుంటూ కిందున్న మెత్తటిదాన్ని కూడా పట్టుకుని లేస్తుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాను.

పెళ్లికొడుకు నెత్తిన జలపాతం

నేను సొంతంగా వేసిన మొదటి పరదా మదనపల్లెలోనే, బస్టాండు దగ్గర ఒక స్టూడియోకి. ఓనరు ఏం వేయాలో చెప్పలేదు. నేను తెలివి చూపించాలని నట్టనడుమ పెద్ద జలపాతం వేశాను. నీటి నురగకు మాత్రమే ఏడెనిమిది పొరలు. చూసినవాళ్లంతా తడుస్తామేమో అన్నట్టు చూశారు. నేను కాలరు ఎగరేసుకుని తిరిగాను.

పెళ్లిళ్లు మొదలయ్యాయి. మధ్యలో కుర్చీ వేసి పెళ్లికొడుకును కూర్చోబెట్టి ఫోటో తీస్తే, జలపాతం సరిగ్గా అతని నెత్తిన పడుతోంది. తంబళ్లపల్లె నుంచి వచ్చిన ఒక మామగారు ఫోటో చూసి, "ఏమప్పా, మా అల్లునికి తలంట్లు పోస్తాండారా?" అన్నాడట. ఓనరు నన్ను పిలిపించి ఆ ఫోటోలన్నీ బల్ల మీద పరిచాడు. తిట్టలేదు. నాతో కలిసి నవ్వాడు. నాకు మాత్రం చెవులు కాలిపోయాయి.

గంగప్పకు చెబితే ఆయన నవ్వలేదు. "నువ్వేసేది బొమ్మ కాదురా, బొమ్మకు ముందు పని. ఆఖరి పొర మనిషి. ఆయప్ప వచ్చి నిలబడినాకనే అది బొమ్మ అయ్యేది. మనిషికి సోటు వదలాల. యాడ వదలాల్నో తెలిసినోడే పెయింటరు" అన్నాడు.

అప్పటినుంచి నా ప్రతి పరదాలోనూ మనుషులు నిలబడే చోట ఏమీ ఉండదు. కాస్త మంచు, కాస్త నీళ్లు, లేదా ఒట్టి గోడ. ఓనర్లు గొణిగేవాళ్లు. "ఇంత కాళీగా వదిలేసినావేం, ఇంగో రెండు పూలకుండీలు వెయ్యి" అనేవాళ్లు. వేసేవాణ్ణి, కానీ పక్కన. ఖాళీ చోటంటే పని ఎగ్గొట్టడమని అనుకునే ఓనరు మీకూ దొరుకుతాడు. వాదించకండి. కుండీలు పక్కన పెట్టండి.

ఇంకో పట్టింపు కూడా నాకు అలవాటైంది. అతుకు కనబడకూడదు. ఒక రంగు ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో, ఏ రోజు ఎంతవరకు వేశానో చూసేవాడికి తెలియకూడదు. ఈ విషయంలో నా అంత మొండివాడు ఈ నాలుగు ఊళ్లలో లేడని పేరు తెచ్చుకున్నాను.

గంగప్ప దుప్పటి

పరదా పాతబడితే ఏ స్టూడియో వాడూ కొత్త గుడ్డ కొనడు. ఉన్నదాని మీదే కొత్త బొమ్మ వేయమంటాడు. చాలామంది పాతదాని మీద నేరుగా సుద్ద కొట్టి మొదలుపెట్టేవాళ్లు. గంగప్ప ఒప్పుకునేవాడు కాదు. పల్చటి జిగురులో పటిక కరిగించి, పాత బొమ్మ నిండా పూసేవాడు. ఎండాక మళ్లీ ఒకసారి. పటిక కలిసిన జిగురు ఒకసారి ఎండితే, తర్వాత తడి తగిలినా కరగదు. కింది రంగు పైకి ఎగదన్నదు. మేం దాన్ని గంగప్ప దుప్పటి అనేవాళ్లం.

పుంగనూరులో దస్తగిరి అని ఫోటోగ్రాఫరు. వాళ్ల నాయన కాలం నుంచి స్టూడియో ఉంది. అందులో గోడకు బిగించిన పెద్ద పరదా మీద గంగప్ప నీలం కొండలు, కింద చెరువు, చెరువు గట్టున ఒంటరిగా ఒక తెల్ల కొంగ వేశాడు. ఆయన చేతి పనుల్లో నాకు తెలిసి అంతకంటే మంచిది లేదు. కొన్నేళ్లకు దస్తగిరికి పెళ్లి కుదిరింది. కొత్త పెళ్లికూతురితో దిగే ఫోటోకు కొత్త పరదా కావాలన్నాడు. పాలరాతి స్తంభాలు, పైకి పోయే మెట్లు. ఆ పని నాకిచ్చాడు.

అప్పటికి గంగప్పకు చేతులు వణుకుతున్నాయి. అయినా కుప్పం నుంచి బస్సెక్కి వచ్చాడు. తన కొండల మీద దుప్పటి తానే పూస్తానన్నాడు. నాకు తొందరగా ఉంది. "సుద్ద కొట్టేద్దాం గురువా, ఇంగ దీన్ని ఎవురు సూడొస్తారు?" అన్నాను.

ఆయన నా చేతికి జిగురు ముంత ఇచ్చి పట్టుకోమన్నాడు. కొంగ దగ్గరికి వచ్చేసరికి కుంచె మార్చి, మెత్తటిది తీసుకుని, రెండుసార్లు పూశాడు. "పండుకోనీరా దాన్ని. లేపాల్సినోళ్లు వస్తే లేస్తాది" అన్నాడు. ముసలాయన చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

ఆ మెట్లు నేను ప్రాణం పెట్టి వేశాను. పాలరాతి మీద వెలుగు రావడానికి పల్చటి పసుపు, దాని మీద పల్చటి బూడిద రంగు, మళ్లీ తెలుపు, ఇలా ఒక్కో మెట్టుకు ఎన్ని పొరలో. దస్తగిరి, అతని భార్య హబీబా ఆ మెట్ల దగ్గర నిలబడి దిగిన ఫోటో స్టూడియో గల్లాపెట్టె పైన చాలా ఏళ్లు వేలాడింది. ఇప్పుడూ ఉంది.

పూలజడ ఫోటో

ఇక నా చివరి పని. కుంచెలు కట్టిపెట్టేద్దామని అనుకుంటున్న రోజుల్లో దస్తగిరి ఫోన్ చేశాడు.

"శంకరప్పా, ఒకసారి వచ్చి పోప్పా. పరదా రాలిపోతాండాది."

నేను ఆ స్టూడియోకి వెళ్లి చాలాకాలమైంది. వెళ్లి చూస్తే నా మెట్లు లేవు. వాటి మీద ఎవరో గులాబీ తోట వేశారు. ఎర్రగా, ఆకుపచ్చగా, కళ్లు పొడిచేలా. చేత్తో ముట్టుకున్నాను. ఎనామిల్. ఇనుప గేట్లకు వేసే రంగు. జిగురు రంగు మీద గేటు రంగు! మా పని తెలిసినవాడెవడూ చేయని పని అది. బిగుసుకుపోయి, పగిలి, అప్పడాల్లా అంచులు లేచి నిలబడింది. రాలిన చోట దాంతోపాటు నా మెట్లూ ఊడొచ్చాయి.

"ఎవుడేసినాడు ఇది?"

"ఎవురో బెంగళూరు నుంచి వచ్చినాడప్పా. హబీబా ఆస్పత్రిలో ఉండింది అప్పుడు. నేను సూసుకోలేదు" అన్నాడు దస్తగిరి.

హబీబా ఆ ఆస్పత్రి నుంచి ఇంటికి రాలేదు. ఆ సంగతి నాకు తెలుసు. అందుకని ఎనామిల్ గురించి ఇంకేమీ అనలేదు.

లోపల బెంచీ మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు పవిత్ర. బైరెడ్డిపల్లె దగ్గర వాళ్ల ఊరు, అమ్మమ్మ పెంచింది. పెళ్లి దగ్గర పడింది, పుంగనూరులోనే కల్యాణ మండపం. సంచిలోంచి ఒక ఫోటో తీసి నా చేతికి ఇచ్చింది.

మన వైపు శ్రీమంతం చేసినప్పుడు కడుపుతో ఉన్న ఆడపిల్లకు పూలజడ వేసి స్టూడియోకి తీసుకుపోయే ఆచారం మీకు తెలుసు. జడ కనబడేలా పక్కకు తిప్పి నిలబెడతారు, ముఖం కనబడేలా ఎదుట అద్దం పెడతారు. ఇదీ అలాంటి ఫోటోనే. అమ్మాయి అటు తిరిగి ఉంది, వీపు నిండా మల్లెలూ కనకాంబరాలూ. అద్దంలో నవ్వు. వెనక గంగప్ప కొండలు, చెరువు, చెరువు గట్టున తెల్ల కొంగ.

"మా అమ్మది ఇదొక్కటే ఫోటో తాతా" అంది పవిత్ర. నన్ను తాత అన్నందుకు కొంచెం గుచ్చుకుంది గానీ, తర్వాత మాట విని ఆ సంగతి మర్చిపోయాను. "నేను పుట్టిన్నాడే ఆమె పోయింది. మేమిద్దురం ఉండే ఫోటో గూడా ఇదొక్కటే. నేను లోపల ఉండాను."

ఆ పిల్ల కోరిక చాలా చిన్నది. పెళ్లి రోజున తనకూ పూలజడ వేస్తారు. ఆ జడతో, వాళ్లమ్మ నిలబడిన చోట, ఆ కొండల ముందు ఒక ఫోటో. దస్తగిరి ఆ ఫోటో తీసినవాడే, సరేనని మాట ఇచ్చేశాడు. కొండలు ఎక్కడున్నాయో ఆలోచించకుండా ఇచ్చాడు.

"కొత్త గుడ్డ మీద అచ్చం ఇదే మాదిరి వేసిస్తానమ్మా. కొంగతో సహా. తేడా కనిపెట్టినావంటే నా పేరు మార్చుకుంటా" అన్నాను.

ఆమె ఫోటో వైపు చూసింది. "నువ్వు బాగా వేస్తావని దస్తగిరి మామ సెప్పినాడు తాతా. కానీ అది మా అమ్మ నిలబడిండే కొండ కాదు కదా?"

నాకు కోపం వచ్చింది. నలభై ఏళ్ల పనితనానికి ఆ పిల్ల ఒక్క మాటతో విలువ లేకుండా చేసింది. కానీ ఆ పిల్ల అన్నదీ తప్పు కాదు. ఎందుకంటే ఆ కొండ నిజంగానే అక్కడ ఉంది. పూలతోట కింద మెట్లు, మెట్ల కింద దుప్పటి, దుప్పటి కింద కొండ. దస్తగిరికీ ఆ సంగతి తెలుసు. కొండ పైకి రావాలంటే మధ్యలో ఉన్న మెట్లు పోవాలి. హబీబాతో తాను నిలబడిన మెట్లు.

"తీసెయ్ శంకరప్పా" అన్నాడు దస్తగిరి.

"మెట్లు పోతాయి."

"తెలుసు లేప్పా. ఫోటో ఉండాది కదా నాకు." గల్లాపెట్టె పైన ఫోటో వైపు చూడకుండానే అన్నాడు. "పాపకు మాట ఇచ్చినాను."

టీ చెప్పి వస్తానని బయటికి వెళ్లాడు. కిటికీలోంచి చూశాను. ఎదురు కొట్టు ముందు గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు అలాగే నిలబడి, తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

ఎడమ పక్క

పై పొర తీయడం వేయడం కంటే కష్టం. వేసేటప్పుడు తప్పు జరిగితే మళ్లీ వేయొచ్చు. తీసేటప్పుడు పోయింది పోయినట్టే. నాకు నిజంగా భయం వేసింది. గంగప్ప దుప్పటి ఇన్నేళ్లు నిలిచిందో లేదో తెలియదు. నిలవకపోతే మెట్లతోపాటు కొండా చేతికి వచ్చేస్తుంది. అప్పుడు ఆ పిల్లకూ ఏమీ మిగలదు, దస్తగిరికీ ఏమీ మిగలదు.

పల్చటి కత్తితో ఎడమ అంచు నుంచి ఎనామిల్ లేపుతూ వచ్చాను. అక్కడ అది ఎక్కువ పాడైంది, ఎక్కడికక్కడ నా స్తంభాలను పట్టుకుని ఊడొచ్చింది. మిగిలిన తునకల మీద తడి దూది ఒత్తి పెట్టి, రంగు మెత్తబడేదాకా ఆగి, తుడిచాను. దూదికి తెలుపు వచ్చింది, బూడిద రంగు వచ్చింది, సుద్ద వచ్చింది. ఆ తర్వాత తుడిస్తే ఏమీ రాలేదు. దూది శుభ్రంగా ఉంది. దాని కింద నీలం.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ముసలాయన వణికే చేత్తో రెండుసార్లు పూసింది గుర్తొచ్చి, ఒక్కణ్ణే ఉన్నాను కదా అని, గట్టిగా ఏడ్చాను. ఎందుకు చేస్తున్నాడో నాకు చెప్పకుండా చేసిన పని అది. చెప్పినా నేను వినేవాణ్ణి కాదు.

ఎడమ పక్కంతా తేలింది. చెరువు, గట్టు, చివరికి కొంగ కూడా వచ్చింది. కుడి పక్కకు వచ్చేసరికి ఎనామిల్ పలకలు పలకలుగా, శుభ్రంగా లేచిపోయింది. కింద నా మెట్లు చెక్కు చెదరకుండా ఉన్నాయి. పాలరాతి మీద ఆ వెలుగు అలాగే ఉంది.

దస్తగిరి వచ్చి నా వెనక నిలబడ్డాడు. "ఇంగ ఇది గూడా తుడిసెయ్ప్పా. సగం సగం బాగుండదు" అన్నాడు.

"తుడవను."

"యాల?"

"అవి నేనేసిన మెట్లు. తియ్యాల్నో వద్దో నేను సెప్తాను. ఆ పిల్ల వాళ్లమ్మ నిలబడిండేది ఎడమ పక్కన, కొంగ దగ్గర. ఆమెకు అంతే కావాల. మిగతాది నా ఇష్టం" అన్నాను.

అతను మెట్ల దగ్గరికి వెళ్లి, ముట్టుకోకుండా, చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేను గిన్నెలు కడుక్కునే పనిలో ఉన్నట్టు నటించాను.

మధ్యలో అతుకు మాత్రం ఘోరంగా ఉంది. పైనుంచి కిందికి చిరుగులు చిరుగులుగా ఒక గీత. ఇటు చెరువు నీళ్లు ఆగిపోతాయి, అటు మొండి స్తంభం మొదలవుతుంది. పెళ్లిలోపు అక్కడ ఒక తీగ అల్లించి కప్పేద్దామని ఆకుపచ్చ కలిపి పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం పవిత్ర వచ్చింది. ఫోటో చేత్తో పట్టుకుని, కొంగను చూసింది, కొండ కొసను చూసింది, మళ్లీ ఫోటోను చూసింది. గట్టు దగ్గరికి వెళ్లి వాళ్లమ్మ పాదాలు ఎక్కడుండి ఉంటాయో లెక్కగట్టుకుని అక్కడ నిలబడింది. కాసేపటికి కుడి పక్కకు చూసి, "ఆ మెట్లేంది తాతా?" అంది.

గల్లాపెట్టె పైన దస్తగిరి, హబీబాల ఫోటో చూపించి, ఆమె సంగతి చెప్పాను. ఆమె చూసి వచ్చి, నేను కలిపిన ఆకుపచ్చ గిన్నె వైపు, చేతిలో కుంచె వైపు చూసింది.

"దీని మీద ఇంగా ఏమన్నా వేస్తావా?"

"ఆ అతుకు మూసేయాల కదమ్మా."

"ఎందుకు తాతా? ఇటు మా అమ్మ, అటు అత్త. ఎవురిది యాడికుండాదో తెలీనీ" అంది.

నలభై ఏళ్లుగా అతుకు కనబడకూడదని పట్టుబట్టినవాణ్ణి. గిన్నె మీద మూత పెట్టేశాను.

ముహూర్తం అయ్యాక

పెళ్లి రోజు మండపం నుంచి నేరుగా స్టూడియోకి వచ్చారు. ముందు పవిత్ర ఒక్కతే కొంగ దగ్గర నిలబడింది. జడ కనబడేలా పక్కకు తిరిగింది. దస్తగిరి పాత అద్దం తెచ్చి ఎదుట పెట్టాడు. అద్దంలో ఆమె ముఖం చూసి, కెమెరా వెనక ఒక క్షణం చెయ్యి ఆపాడు. తర్వాత తీశాడు. వాళ్ల అమ్మమ్మ గుమ్మం దగ్గరే కూలబడి కొంగు అడ్డం పెట్టుకుంది.

తర్వాత పెళ్లికొడుకుతో కలిపి తీశాడు. అంతా అయిపోయిందని లైట్లు ఆర్పబోతుంటే పవిత్ర పిలిచింది.

"దస్తగిరి మామా, నువ్వు గూడా రా."

"నేనొస్తే ఇది ఎవురు నొక్కేది పాపా?"

"తాత నొక్కుతాడు."

నేను జీవితమంతా స్టూడియోల్లోనే ఉండీ ఎప్పుడూ కెమెరా ముట్టుకోలేదు. ఎక్కడ నొక్కాలో దస్తగిరి చూపించి, మొహమాటపడుతూ వెళ్లాడు. కొంగ పక్కన పెళ్లికూతురు, ఆమె పక్కన పెళ్లికొడుకు. దస్తగిరి వాళ్లకు దూరంగా కుడి పక్కకు పోయి, మెట్ల మొదట్లో నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు, చేతులు ముందు కట్టుకున్నాడు.

కెమెరాలోంచి చూశాను. పెళ్లికొడుక్కీ దస్తగిరికీ మధ్య ఖాళీ ఎక్కువగా ఉంది. ఫోటో తెలియనివాడికి కూడా అది తెలుస్తుంది. "కొంచెం ఇట్ల జరుగు దస్తగిరీ" అనబోయాను. అప్పుడు చూశాను. గల్లాపెట్టె పైన ఫోటోలో అతను ఎక్కడ నిలబడ్డాడో, సరిగ్గా అక్కడే నిలబడ్డాడు. ఆ ఖాళీ అతని కుడి చేతి పక్కన ఉంది. హబీబా నిలబడిన చోటు.

అలాగే నొక్కాను.

ఆ ఫోటో మా ముందు గదిలో ఉంది. బొమ్మలు వేసే పిల్లలు వచ్చి, నేను వేసిన వాటిలో మంచిది ఏదని అడిగితే దాన్నే చూపిస్తాను. అందులో కొండ నాది కాదు, మెట్లు సగమే ఉన్నాయి. నట్టనడుమ చిరిగిన అతుకు ఉంది. ఆ పక్కనే ఒక మనిషి పట్టేంత చోటు ఉంది.